లెన్సు లేదన్న కెమెరా

మెటేగన్
జనవరి, రెండో ఆదివారం

నోయెమికి,

పెదనాన్న ఆల్ఫే రాసేది. నువ్వు ఫోన్ చేసి అడిగినప్పుడు జవాబు చెప్పలేదు. ఫోన్‌లో అన్న మాట రేపు అనలేదంటే అడిగే దిక్కుండదు. కాగితం మీదైతే నువ్వూ తప్పించుకోలేవు, నేనూ తప్పించుకోలేను. నా అక్షరాలు వంకర. నేను బడికి పోయింది తక్కువ, సముద్రం మీదికి పోయింది ఎక్కువ. అర్థం కాకపోతే ఇంకోసారి చదువు.

మీ పెద్దమ్మ ఓడిల్ వదిలిపోయిన లెన్సు పంపుతున్నాను. ఊలు మేజోడులో పెట్టి, మేజోడును డబ్బాలో పెట్టి, హాలిఫాక్స్ వచ్చే చేపల లారీ డ్రైవరు చేతికిచ్చాను. డబ్బా చేపల వాసన వస్తే తప్పు లెన్సుది కాదు.

మూడు మాటలు చెబుతున్నాను. తుడవకు. విప్పకు. ఏమీ మార్చకు.

గాజు టీ రంగులో ఉంటుంది. అది మురికి కాదు. ఓడిల్ బొమ్మల్లో కాసే ఎండ అదే. పెళ్ళి తీసినా, మంచులో శవయాత్ర తీసినా, ఆవిడ బొమ్మలో సాయంకాలపు ఎండ కాస్తుంది. ఈ తీరంలో ఎవరి గోడ మీద చూసినా ఇది ఓడిల్ తీసిందని గుమ్మంలోంచే చెబుతాను.

లోపల సన్న రేకులున్నాయి. పువ్వు ముడుచుకున్నట్టు ముడుచుకుంటాయి. వాటిలో ఒకటి వంగింది. ఊళ్ళో రోజ్-ఏమే అనే పిల్ల పెళ్ళిలో లెన్సు చర్చి మెట్ల మీద దొర్లింది. అప్పటినుంచి బొమ్మలో వెనకాల మసకగా కనబడే దీపాలన్నీ ఎలుక కొరికిన బిస్కెట్లలా వస్తాయి. బాగుచేయించమని నేనంటే, "కొరకనీలే, నా బిస్కెట్లని అందరికీ తెలుస్తుంది" అనేది. నువ్వూ బాగుచేయించకు.

ఆగస్టు పండుగకు చర్చి హాల్లో ఓడిల్ తీసిన బొమ్మలు పెడతానన్నావు. వాటి పక్కన అవే మనుషుల్ని, అదే లెన్సుతో, ఇప్పటి కెమెరా మీద తీసి పెడతానన్నావు. అందుకు ఆవిడ నెగటివ్‌లు కావాలన్నావు. నెగటివ్‌ల డబ్బాలు నా మంచం కింద ఉన్నాయి. అక్కడే ఉంటాయి. లెన్సు ఎలా వాడతావో, ఎలా తిరిగిస్తావో ముందు చూస్తాను. నమ్మకం కుదిరితే డబ్బాలు నీవి.

నన్ను మాత్రం తీయనని మాటివ్వు. పెళ్ళాం అడిగితేనే నిలబడలేదు. నీకు నిలబడను.

ఆల్ఫే బెలివో


హాలిఫాక్స్
ఫిబ్రవరి మొదట్లో

ప్రియమైన పెదనాన్నకు,

లెన్సు క్షేమంగా చేరింది. మేజోడు కూడా. మిమ్మల్ని తీయనని మాటిస్తున్నాను.

ఒక తమాషా చెప్పాలి. పెద్దమ్మ లెన్సు నేరుగా నా కెమెరాకు పట్టదు. మధ్యలో ఒక రింగు వేసి బిగించాలి. బిగించగానే కెమెరా తెర మీద ఏమని రాసిందో తెలుసా? "లెన్సు లేదు" అని. నొక్కితే నొక్కనివ్వదు. ఇప్పటి లెన్సులు కెమెరాతో మాట్లాడతాయి పెదనాన్నా. నేనెవర్ని, ఎదుటివాళ్ళు ఎంత దూరంలో ఉన్నారు, ఎంత వెలుతురు లోపలికి పంపాలి, అన్నీ వాటిలో అవే చెప్పుకుంటాయి. పెద్దమ్మ లెన్సు ఒక్క మాట మాట్లాడదు. పలకరిస్తే పలకదు కాబట్టి ఎవరూ రాలేదనుకుంటుంది కెమెరా. మెనూలో వెతగ్గా వెతగ్గా అట్టడుగున "లెన్సు లేకపోయినా తీయి" అనే వరుస కనబడింది. అది పెట్టాక దారికొచ్చింది.

ఇక అన్నీ చేత్తోనే. స్పష్టంగా ఉన్నచోట అంచులు ఎర్రగా మెరిసేట్టు తెరను పెట్టుకున్నాను. రింగు తిప్పుతుంటే ఆ ఎరుపు ముక్కు మీంచి చెంప మీదికి, చెంప మీంచి చెవి మీదికి పాకుతుంది. కంటి రెప్పల మీదికి రాగానే నొక్కుతాను. వారమంతా పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తే చేతికి శనివారం ఈ పని దొరకడం ఎంత హాయో.

మూడు బొమ్మలు పంపుతున్నాను. ఎలా ఉన్నాయో రాయండి.

నోయెమి


మెటేగన్
ఫిబ్రవరి

నోయెమికి,

బొమ్మలు చూశాను. బాగున్నాయి. అవి ఓడిల్ లెన్సుతో తీసినవి కావు.

ఎండ ఏది? నీ బొమ్మలో మంచు తెల్లగా ఉంది. ఓడిల్ లెన్సులో మంచు ఎప్పుడూ తెల్లగా రాలేదు. వెన్న రంగులో వచ్చేది. ఆ రంగు ఎక్కడ పారేశావు?

ఇంకోటి. లెన్సు ఎదురుగా ఉండగా కెమెరా లేదని ఎందుకంటుంది? ఈ సంగతి లియోన్స్‌తో అన్నాను. లియోన్స్ నీకు తెలుసు, పక్కింటివాడు, నా పడవ మీద పనిచేసినవాడు. ఇప్పుడు పొద్దున్నే నా టీ తాగడమే వాడి పని. వాడన్నాడు, "ఆల్ఫే, ఉన్నదాన్ని లేదంటోందంటే ఆ మాట నీకు అలవాటు చేస్తోందిరా ఆ పిల్ల. ఇవాళ కెమెరా లేదంటుంది. రేపు పిల్ల లేదంటుంది."

వాడి ఫోన్‌లో లోకమంతా ఉందట. ఇలాంటి పాత లెన్సుల కోసం జనం ఎగబడుతున్నారట. కొత్త కెమెరాలకు తగిలించుకోవడానికి పడవలూ బళ్ళూ అమ్మేవాళ్ళున్నారట. నువ్వు అలాంటిదానివని నేననను. లియోన్స్ అన్నది రాశాను.

రంగు సంగతి రాయి.

ఆల్ఫే


హాలిఫాక్స్
ఫిబ్రవరి ఆఖరు

పెదనాన్నకు,

లియోన్స్‌కు చెప్పండి, నాకు పడవా లేదు, అమ్మడానికి బండీ లేదు.

రంగు మాయమైంది కెమెరా వల్ల. తెల్లది తెల్లగానే ఉండాలని దాని పట్టుదల. ఎక్కడ పసుపు కనబడినా నన్నడక్కుండానే కడిగేస్తుంది. ఈసారి ఆ కడగడం మాన్పించి తీశాను. ఇదిగో, రేవులో మంచు. వెన్న రంగులో ఉందో లేదో మీరే చూడండి. వెనక దీపాలు కూడా చూడండి, కొరికిన బిస్కెట్లు.

మిమ్మల్ని ఒకటి అడగాలి. నా బాప్తిస్మం బొమ్మ అమ్మ దగ్గరుంది. మీ ఇంటి ముందు పెద్దమ్మ తీసిందే. అందులో మీ తలుపు నీలంగా ఉంది. మా తమ్ముడి పెళ్ళి బొమ్మలో అదే తలుపు ఆకుపచ్చగా ఉంది. మధ్యలో రంగు మార్చారా?

నోయెమి


మెటేగన్
మార్చి

నోయెమికి,

మంచు వెన్న రంగులో ఉంది. బిస్కెట్లున్నాయి. ఇది ఓడిల్‌దే. ఒప్పుకున్నాను.

తలుపు నీలం. మా పడవకు వేయగా మిగిలిన రంగే తలుపుకు వేస్తాను. పడవ ఎప్పుడూ నీలమే, తలుపు ఎప్పుడూ నీలమే. బొమ్మలో ఆకుపచ్చగా వస్తే వచ్చింది. పెళ్ళిలో పెళ్ళికూతురిని చూడక తలుపు రంగు చూస్తావా? ఎందుకడిగావు? ఉత్తినే అడిగే ప్రశ్నలా లేదు. తలుపులోంచి మొదలుపెట్టి ఎక్కడికి వస్తావో అర్థం కాలేదు.

లెన్సు ఇంకా ఎన్నాళ్ళుంచుకుంటావు? పని అయిపోతే పంపు.

లియోన్స్ మళ్ళీ అన్నాడు. వాడు అన్నది రాయను. నీకు కోపమొస్తుంది.

ఆల్ఫే


హాలిఫాక్స్
ఏప్రిల్

ప్రియమైన పెదనాన్నకు,

ఆలస్యమైంది, ఏమనుకోకండి. అదే లారీలో, అదే మేజోడులో లెన్సు పంపుతున్నాను. తుడవలేదు. విప్పలేదు. దానితో పాటు నా పాత కెమెరా ఒకటి, రింగు, ఛార్జి పెట్టే తాడు కూడా పెట్టాను. ఇవి మీకే. పెద్దమ్మ కళ్ళతో రేవును మీరూ ఒకసారి చూడాలని నా కోరిక.

లెన్సు మేజోడులోంచి తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడండి. నేనేం చెప్పను. చూశాక మీరే రాయండి. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

నోయెమి


మెటేగన్
ఏప్రిల్ ఆఖరు

హాలిఫాక్స్‌లో ఉండే నోయెమికి,

కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశాను. అవతల ఏమీ అడ్డం లేనట్టుంది. గాజు నీళ్ళలా ఉంది. టీ రంగు లేదు, తేనె రంగు లేదు, ఏ రంగూ లేదు.

నా ఓడిల్ లెన్సు ఎక్కడ?

మూడు మాటలు చెప్పాను. తుడవకు, విప్పకు, మార్చకు. నువ్వు రెండిటికే జవాబు రాశావు. తుడవలేదు, విప్పలేదు అన్నావు. మూడోది ఏమైంది? నేను చదువుకోలేదు కానీ మూడు దాకా లెక్కపెట్టగలను.

పైగా కెమెరా ఒకటి పెట్టావు. ఎందుకు పెట్టావో నాకు తెలీదా? గొర్రెను తోలుకుపోయినవాడు గంట వదిలి పోయినట్టుంది. డబ్బాలోంచి బయటికి తీయలేదు. తీయను.

లియోన్స్ లెన్సు చేత్తో పట్టుకుని చూసి, "ఇంత శుభ్రంగా నీ ఇంట్లో ఏదీ ఉండదురా ఆల్ఫే" అన్నాడు. నవ్వులాటకన్నాడు. నాకు నవ్వు రాలేదు.

లెన్సు ఎవరికిచ్చావో చెప్పు. తెప్పించగలిగితే తెప్పించు. లేకపోతే నెగటివ్‌ల మాట ఎత్తకు. నా తర్వాత అవి నీలాంటివాళ్ళ చేతికే పోతాయి. అంతకన్నా కాలిపోతే నయం. ఈ నెలాఖరున కాదు, వచ్చే నెలాఖరున పెద్దరొయ్యలు పట్టే బోనులన్నీ ఒడ్డుకొస్తాయి. ఏటా విరిగిన చెక్క బోనులు ఇంటి కింద ఒడ్డున పోగేసి తగలబెడతాను. ఈసారి మంచం కింది డబ్బాలు కూడా వాటి మీద పెడతాను. ఇది బెదిరింపు కాదు. నేను అన్నది చేస్తానని నీకు తెలుసు.

ఆల్ఫే బెలివో


హాలిఫాక్స్
మే, మొదటి వారం

పెదనాన్నా,

మీ ఉత్తరం క్లినిక్‌లో చదివాను. ఫోను మోగుతుంటే ఎత్తలేకపోయాను.

మూడో మాటకు కావాలనే జవాబు రాయలేదు. నిజం అది. నేను మార్చాను. కానీ లెన్సును మార్చలేదు, రంగును మార్చాను. మీకు తెలియకుండా చేసి, చూసి సంతోషిస్తారని పంపాను. అడిగి చేయాల్సింది.

ఆ గాజులో ఒకరకం ఖనిజం కలిపారట. వెలుతురు బాగా పట్టుకోవాలని ఆ రోజుల్లో కలిపేవారు. అలాంటి గాజు కొన్నప్పుడు తెల్లగానే ఉంటుంది. చీకటి అలమారలో ఏళ్ళు గడిచేకొద్దీ లోపల్లోపలే పచ్చబడుతుంది. ఎండలో పెడితే మళ్ళీ తెల్లబడుతుంది. పాత లెన్సులు కొత్త కెమెరాలకు వాడేవాళ్ళందరూ చేసే పనే ఇది. మార్చి అంతా నా కిటికీలో, కింద వెండి కాగితం పరిచి పెట్టాను. రోజూ పొద్దున పని మీద వెళ్ళేముందు ఎండవైపు తిప్పి వెళ్ళేదాన్ని. అంతే చేశాను.

తలుపు గురించి అందుకే అడిగాను. పెద్దమ్మ లెన్సు కొన్న కొత్తలో మీ తలుపు నీలంగా వచ్చింది. గాజు పచ్చబడ్డాక ఆ పసుపు నీలంతో కలిసి ఆకుపచ్చగా వచ్చింది. ఆగస్టులో పాత బొమ్మ పక్కన కొత్త బొమ్మ పెట్టినప్పుడు రెండు తలుపులూ నీలంగా ఉండాలనుకున్నాను.

నమ్మకం లేకపోతే ముందు గాజు చుట్టూ ఉన్న పట్టీ మీద నంబరుంది చూడండి. లెన్సులోకి చూడండి. వంగిన రేకు కనబడుతుంది. దాన్నెవరూ కొత్తగా వంచి పెట్టలేరు కదా.

దయచేసి డబ్బాల జోలికి వెళ్ళకండి. అందులో ఉన్నది పెద్దమ్మ ఒక్కరే కాదు, ఊరంతా ఉంది.

నోయెమి


మెటేగన్
మే, రెండో వారం

నోయెమికి,

నేను పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఎండలో ఉన్నాను. ఎండ కర్టెన్లను పచ్చగా చేస్తుంది. కాగితాన్ని పచ్చగా చేస్తుంది. పడవ మీది తెల్ల రంగును పచ్చగా చేస్తుంది. నా ముఖాన్ని ఏం చేసిందో నువ్వు చూశావు. ఎండ పచ్చదాన్ని తెల్లగా చేయడం ఇంతవరకూ చూడలేదు, వినలేదు. చీకట్లో ఉన్నది పచ్చబడుతుందట, ఎండలో ఉన్నది తెల్లబడుతుందట. హాలిఫాక్స్‌లో సూర్యుడు వేరే ఉన్నాడేమో.

నీ ఉత్తరం లియోన్స్‌కు చదివి వినిపించాను. వాడు టీ మింగలేకపోయాడు. "అయితే నన్నూ ఆ కిటికీలో కూర్చోబెట్టమనరా, నా పళ్ళు తెల్లబడతాయి. పైగా పళ్ళ డాక్టరు పక్కనే ఉన్నాడు" అన్నాడు.

నంబరు చూడమన్నావు. ఓడిల్ లెన్సు నంబరు ఎంతో నేనెప్పుడు చదివాను? చదివినా లాభం లేదు. నంబరున్న ఆ పట్టీ తిప్పితే ఊడి వస్తుందని, ఒక లెన్సుది ఇంకోదానికి పెట్టొచ్చని లియోన్స్ ఫోన్‌లో ఉంది.

ఇక రేకు. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. భూతద్దం పెట్టి చూశాను. లియోన్స్ చేత చూపించాను. వంగిన రేకు కాదు, అసలు రేకులే లేవు. రేకుల్ని ముడిచే రెండో రింగు ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పినా లోపల ఏదీ కదలడం లేదు. ఈ పక్కనుంచి ఆ పక్కకు గుండ్రంగా బోసి రంధ్రం. ఓడిల్ లెన్సులో రేకులుండేవి. నా కళ్ళతో చూశాను.

నువ్వు రాసిన మూడూ అబద్ధాలే అయ్యాయి. ఉన్న లెన్సు లేదంటుంది కెమెరా. ఎండ పసుపును తినేస్తుంది. లేని రేకు చూడమంటావు నువ్వు. ఇంత చదివిన పిల్లవు, అబద్ధమైనా కాస్త నమ్మేట్టు అల్లలేకపోయావా?

మే ఆఖరు శనివారం తగలబెడతాను. డబ్బాలు మంచం కిందనుంచి తీసి గుమ్మం దగ్గర పెట్టాను.

ఆల్ఫే బెలివో


హాలిఫాక్స్
మే, మూడో వారం

ఆల్ఫే పెదనాన్న గారికి,

అబద్ధం అల్లాలనుకుంటే చక్కగా అల్లి ఉండేదాన్ని. లెన్సు కింద పడిందనేదాన్ని, తప్పక తుడిచాననేదాన్ని. మీరు నన్ను తిట్టి నమ్మేవారు. నిజమే ఇలా వింతగా ఉంది. నేనేం చేయను?

రేకుల గురించి మీరు రాసిందీ నిజమే. లెన్సు చేతిలో ఉన్నప్పుడు రేకులు లోపలికి దాక్కుంటాయి. అది కెమెరాకు తగిలి వెనకనున్న మీట నొక్కుకుంటే తప్ప బయటికి రావు. నేను రోజూ కెమెరా మీదే చూస్తాను కాబట్టి మీ చేతిలో కనబడవన్న సంగతే తోచలేదు. నా తెలివితక్కువ. ఇదీ మీకు నాలుగో అబద్ధంలా వినబడుతుందని తెలుసు.

ఇక బతిమాలను. పెద్దమ్మ నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది. ఆవిడ వస్తువు నేనమ్ముకున్నానని మీరనుకున్నారు. అది చాలు నాకు. బొమ్మల పండుగ లేకపోతే లేదు.

కానీ నిప్పు పెట్టేముందు ఒక్క పని చేయండి. నా కోసం కాదు. కాలిపోయాక నిజం తెలిస్తే మీకు పట్టుకోవడానికి ఏదీ మిగలదు, అందుకని.

డబ్బాలోంచి కెమెరా తీయండి. ఛార్జి పెట్టండి. రింగు వేసి లెన్సు బిగించండి. తెర మీద ఏమని రాసినా పట్టించుకోకండి. ఏ బటన్లు ఏ వరుసలో నొక్కాలో వేరే కాగితం మీద బొమ్మ గీసి పెట్టాను. దీపాలు వెలిగే వేళకు రేవుకు వెళ్ళండి. రెండో రింగును సగం దాకా తిప్పండి. ముందు రింగును దగ్గరి వస్తువు స్పష్టంగా కనబడేదాకా తిప్పండి. ఎరుపు ఎక్కడ మెరుస్తుందో అక్కడ స్పష్టంగా ఉన్నట్టు. అప్పుడు దూరంగా దీపాలు ఎలా ఉన్నాయో చూడండి.

లియోన్స్‌ను తీసుకెళ్ళకండి. ఆయన కళ్ళు నాకు అక్కర్లేదు. మీవి కావాలి.

నోయెమి


మెటేగన్
మే ఆఖరు ఆదివారం

నోయెమికి,

నిన్న తగలబెట్టాను. బోనులు.

శుక్రవారం సాయంత్రం లియోన్స్ భోజనానికి పోయాక కెమెరా తీశాను. రింగు ఎటు తిరుగుతుందో తెలియడానికి చాలాసేపు పట్టింది. తిరగనిదాన్ని తిప్పితే ఎవడి చెయ్యి నొస్తుందో నాకు బోనుల దగ్గర తెలుసు కాబట్టి బలం చేయలేదు. బిగిసింది. వెలిగించగానే నీ కెమెరా నా మొహం మీదే రాసింది, లెన్సు లేదని. చేత్తో పట్టుకుని ఉన్నాను నేను. నీకే కాదు, ఎవరికైనా అదే చెబుతుందని అప్పుడర్థమైంది. నువ్వు గీసిన బొమ్మ చూసి నొక్కాను. దారికొచ్చింది.

అప్పుడు లెన్సులోకి ఎదురుగా చూశాను. రేకులున్నాయి. నేను రెండో రింగు తిప్పుతుంటే ముడుచుకున్నాయి. ఒకటి ముడుచుకోలేక నిలబడింది. నాకు మోకాలు ఎలాగో దానికి ఆ వంపు అలాగ.

అక్కడితో ఒప్పుకోవచ్చు. కానీ రేకు వంచడం ఎవడికైనా సాధ్యమే అనుకున్నాను. నా బుద్ధి అది. రేవుకు పోయాను. మా పడవ కట్టేసి ఉంది. ఇప్పుడు లియోన్స్ కొడుకు నడుపుతున్నాడు. జెట్టీ మీద నిలబడి, పడవ గది కిటికీలోంచి ఆవలి ఒడ్డు దీపాల కేసి కెమెరా పట్టాను. నువ్వు చెప్పినట్టే దగ్గరికి తిప్పాను. కిటికీలో ఏదో ఎర్రగా మెరిసింది. దీపాలు పెద్దవయ్యాయి. ఒక్కొక్కటీ బిస్కెట్టంత అయింది. ప్రతి బిస్కెట్టుకూ కుడిపక్క కింద ఒక కొరుకు. రోజ్-ఏమే పెళ్ళిలో, ఫాదర్ గారి వీడ్కోలు విందులో, ఆగస్టు పండుగ బాణాసంచాలో, ఆవిడ తీసిన ప్రతిదాంట్లోనూ అదే చోట అదే కొరుకు. అది ఇంకెవరూ కొరకలేరు.

నొక్కాను.

తర్వాత కెమెరా దించి పడవను చూశాను. మళ్ళీ తెరలో చూశాను. నీలం. రెండిట్లోనూ ఒకే నీలం.

ఇంటికొచ్చి గుమ్మం దగ్గరి డబ్బాలు లోపలికి తెచ్చాను. గోడ మీది బొమ్మలన్నీ దించి బల్ల మీద పరిచాను. మేం పడవ కొన్నప్పటిది నీలం. తర్వాతవి కొంచెం కొంచెంగా ఆకుపచ్చ. ఆవిడ పోయిన ఏటిది చెరువు నాచు రంగు. ఇన్నేళ్ళూ గోడ మీదున్నాయి. నేను చూసింది ఎండ ఒక్కటే. గాజు ముసలిదైందని చూడలేదు. ఓడిల్‌కు తెలుసో తెలీదో. తెలిసినా నాతో చెప్పి ఉండదు, నేను నమ్మనని.

తప్పయిందని రాయను. ఆల్ఫే బెలివో అలాంటి మాట రాయలేదు, ఇప్పుడు చెయ్యి తిరగదు. మూడో మాట నువ్వు దాటావు, అదీ నిజమే. లెక్క సరిపోయింది.

నెగటివ్‌ల డబ్బాలు అన్నీ రేపటి లారీలో వస్తాయి. డ్రైవరుకు చెప్పాను, వీటి మీద చేపలు పెడితే నీ సంగతి చూస్తానని. కెమెరా పక్కన మూత తీస్తే గోరంత ముక్క ఊడింది. బొమ్మ అందులో ఉంటుందని నీ కాగితంలో ఉంది. అదీ డబ్బాలో వేశాను. నేను తీసింది ఏమైనా వచ్చిందో లేదో చూడు. దీపాలు మాత్రం చూడు.

ఆల్ఫే


హాలిఫాక్స్
జూన్

ప్రియమైన పెదనాన్నకు,

డబ్బాలు అందాయి. ఒక్కటి తెరిచాను, మూసేశాను. ఆదివారం అమ్మతో కూర్చుని తెరుస్తాను. ఒక్కదాన్నే చూడగలిగేవి కావు అవి.

మీరు తీసిన బొమ్మ అచ్చు వేయించాను. ఇందులో పెట్టాను. దీపాలు చూడమన్నారు, చూశాను. బిస్కెట్లన్నీ వరుసగా ఉన్నాయి. కానీ మీరు చూడనిది ఒకటుంది. కిటికీలో ఏదో ఎర్రగా మెరిసిందన్నారు కదా. అది అద్దం మీద నీడ. ఊలు టోపీ, చేతిలో కెమెరా, ఒక కన్ను మూసి, నోరు బిగించి, ఎవరినో దొంగతనంగా పట్టుకోబోతున్నట్టు నిలబడ్డ మనిషి. ముడతల్లో ప్రతి గీతా స్పష్టంగా ఉంది. ఎరుపు మెరిసింది ఆ ముఖం మీద.

నేను మాట తప్పలేదు పెదనాన్నా. నేనక్కడ లేను.

దీన్ని ఏం చేయమంటారో మీరే చెప్పండి. ఈసారి అడక్కుండా ఏదీ చేయను.

నోయెమి


మెటేగన్
జూన్ ఆఖరు

నోయెమికి,

బొమ్మ చూశాను. ఎవడీ ముసలివాడు అనుకున్నాను. టోపీ చూసి పోల్చుకున్నాను. అది ఓడిల్ అల్లిన టోపీ.

లియోన్స్‌కు చూపించాను. వాడు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసి, "ఒరే ఆల్ఫే, నువ్వు బొమ్మకు నిలబడ్డావంటే నేన్నమ్మను. ఆ పిల్లే కంప్యూటర్లో నిన్ను తెచ్చి అతికించింది. ఇదంతా మోసం" అన్నాడు. నొక్కింది నేను, నా పక్కన నేను తప్ప ఎవరూ లేరు, టీ తాగి ఇంటికి పో అన్నాను. వాడు పోలేదు. రెండో కప్పు అడిగాడు. ఇంకా నమ్మలేదు. వాడి సంగతి నేను చూసుకుంటాను.

లెన్సు మేజోడులో పెట్టి అలమారలో పెట్టాను. చీకట్లో ఉంటే మళ్ళీ పచ్చబడుతుందన్నావు. పచ్చబడనీ. నువ్వు పండుగకు వచ్చినప్పుడు తీసి వాడుకో. వాడాక మళ్ళీ అక్కడే పెట్టు. నేను ఉన్నన్నాళ్ళూ కిటికీలో పెట్టకు. తర్వాత నీ ఇష్టం, నీ కిటికీ. తలుపుకు కొత్త రంగు వేస్తున్నాను. నీలమే.

ముసలివాడి బొమ్మ హాల్లో పెట్టాలంటే పెట్టు. మా పడవ కొన్న రోజున ఓడిల్ తీసింది ఒకటి నీ డబ్బాల్లో ఉంటుంది, పడవ మాత్రమే ఉంటుంది, నేను పక్కకు తప్పుకున్నాను. దాని పక్కన పెట్టు.

ఎవరు తీశారని కింద నా పేరు రాయకు. ఓడిల్ లెన్సు అని రాయి.

పెదనాన్న